శనివారాల జపాన్

నా చిన్నప్పుడు మా అమ్మ ప్రతి శనివారం మధ్యాహ్నం జపాన్ వెళ్ళేది. నవ్వకండి. అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళోని మా చిన్న అపార్ట్‌మెంట్‌లో, సోఫా మీద దిండ్లకు ఆనుకుని, కాళ్ళ మీద రగ్గు కప్పుకుని వెళ్ళేది. అప్పటికే కాన్సర్ ఆమెను ఆ సోఫా దాటనివ్వడం లేదు. అవి ఎనభైల తొలి ఏళ్ళు, నాకు పదేళ్ళు.

తీసుకెళ్ళేది మా పై అంతస్తు అంకుల్. కాకినాడ ఆయన, ఒంటరి మనిషి. అమెరికా రాకముందు ఉద్యోగం మీద జపాన్‌లో ఉన్నప్పుడు యకుషిమా అనే దీవికి వెళ్ళి ఫోటోలు తీసుకున్నాడట. ఆ ఫోటోల స్లైడ్‌లున్న గుండ్రటి ట్రే ఒక చేత్తో పట్టుకుని, ప్రొజెక్టర్ చంకన పెట్టుకుని మెట్లు దిగేవాడు. మేం కర్టెన్లు వేసి, గోడకు తెల్ల దుప్పటి కట్టేవాళ్ళం. ఆయనకో పట్టుదల ఉండేది. ప్రయాణమంటే ప్రయాణమే. దారిలో తినడానికి పులిహోర పొట్లం కట్టాల్సిందే, అక్కడ వాన వదలదు కాబట్టి గొడుగు పక్కన పెట్టుకోవాల్సిందే. అమ్మ రెండు మెతుకులు కూడా మింగలేకపోయేది. అయినా పొట్లం విప్పి వాసన చూసేది.

ఒక్క శనివారానికి ఆరేడు స్లైడ్‌లే. మొదటి వారం ఇసుకలో గుడ్లు పెట్టి నీళ్ళలోకి తిరిగి పోతున్న తాబేళ్ళు. మరో వారం సరాసరి సముద్రంలోకే దూకే జలపాతం. తర్వాత కోతులు, పొట్టి పొట్టి జింకలు. ఒక కోతి దర్జాగా జింక వీపెక్కి కూర్చున్న బొమ్మ చూసి అమ్మ, "అచ్చం మా ఆడపడుచే!" అంది. మా నాన్న కూడా పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినపడి అప్పటికి ఎన్నాళ్ళయిందో.

ఆ పైన అడవి మొదలైంది. రాయీ, వేరూ, మోడూ తేడా లేకుండా అన్నిటినీ కప్పేసిన పచ్చటి నాచు. ఆ అడవి లోపల వేల ఏళ్ళనాటి దేవదారు చెట్టు ఒకటి ఉందనీ, పూర్వం దుంగలు మోసిన చిన్న రైలు పట్టాల వెంబడి గంటలకొద్దీ నడిస్తేగాని దాన్ని చేరలేమనీ అంకుల్ చెప్పాడు. అమ్మకు అదే పట్టుకుంది. "అన్నయ్యగారూ, ఆ చెట్టెప్పుడు చూపిస్తారు?" అనేది. "తొందరేంటి చెల్లెమ్మా, చాలా లాంగ్ వాక్ అది. నెక్స్ట్ శాటర్‌డే ఇంకొంచెం పోదాం" అనేవాడాయన. వారమంతా ఆమె ఆ మాట పట్టుకునే మందులు మింగేది. చర్చివాళ్ళు వచ్చి, తప్పకుండా స్వస్థత కలుగుతుందని ప్రార్థన చేసి వెళ్ళాక, నర్సుగా పనిచేసిన మా అమ్మ నాతో మెల్లగా, "నాకు తగ్గదులేవే. ఆ చెట్టొక్కటి చూస్తే చాలు" అనేది.

నాకు ఓపిక తక్కువ. ఒక శనివారం ఆట ముగిశాక అమ్మ కునుకు తీస్తోంది, అంకుల్ వంటింట్లో నాన్నతో మాట్లాడుతున్నాడు. నేను మిగిలిన స్లైడ్‌లు ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుగులో పెట్టి చూశాను. పట్టాలు, వాన, మళ్ళీ పట్టాలు. ఆఖరిదానిలో పట్టాలకు అడ్డంగా ఎర్రటి బురదనీళ్ళు. ఆ తర్వాత ట్రేలో గళ్ళన్నీ ఖాళీ. చెట్టు లేదు.

అంకుల్ వచ్చి నా చేతిలోది చూశాడు. నన్ను బయట మెట్ల మీదికి తీసుకెళ్ళి, "నేనూ చూళ్ళేదు తల్లీ. వాన ఎక్కువై వెనక్కొచ్చేశా. మీ అమ్మకి చెప్పకు. రేపటికోసం ఎదురుచూడ్డానికి ఆవిడకి ఇదొక్కటే ఉంది" అన్నాడు.

నేనేమో సండే స్కూల్లో పది ఆజ్ఞలూ తడుముకోకుండా అప్పజెప్పి బహుమతి కొట్టిన పిల్లను. అబద్ధం పాపం, దాన్ని దాచినా పాపమే. ఇంట్లో ఎవరు పాపం చేసినా దేవుడు అమ్మ కోసం చేసిన ప్రార్థనలు వినడని నాకు ఎక్కడలేని భయం. సోమవారం బడి నుంచి రాగానే చెప్పేశాను. "అమ్మా, అంకుల్ దగ్గర ఆ చెట్టు లేదు. ఆయన అసలు చూడనే లేదు."

అమ్మ కోప్పడలేదు. "అలాగా" అంది. ఊడిపోతున్న నా జడ రిబ్బను ముడేసింది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం అంకుల్ వచ్చాడు. నేను పొట్లం కట్టి సిద్ధంగా ఉన్నాను. "ఇవాళ ఓపిక లేదు అన్నయ్యగారూ" అంది అమ్మ, కళ్ళు తెరవకుండానే. ఆయన నా వైపు చూశాడు. విషయం అర్థమైపోయింది. నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి, మెట్ల మీద నాతోపాటు కూర్చుని ఆ పులిహోర తిన్నాడు మహానుభావుడు. తర్వాతి శనివారమూ దిగొచ్చాడు. అమ్మ మళ్ళీ వద్దంది. ఆ వారం నుంచి మందులూ వద్దంది. మూడో శనివారానికి అమ్మ లేదు.

నువ్వు చెప్పినా చెప్పకపోయినా ఆమె పోయేదేనని, నేను ఏడ్చి చెప్పుకున్నప్పుడు నాన్న అన్నాడు. నిజమే, నేను ఆమెను బతికించగలిగేదాన్ని కాదు. కాని ఆ చివరి రోజులు ఆమె ఒక అడవిలో నడుస్తూ ఉండాల్సింది. నేను ఆమెను గోడ చూస్తూ పడుకునేలా చేశాను.

నాకిప్పుడు యాభై దాటాయి. మంచం పట్టినవాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు ఏదైనా నిజం నోటిదాకా వస్తే, ఇది వాళ్ళ కోసమా, నా భయం తీరడం కోసమా అని ఒకసారి చూసుకుంటాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, ఏం లాభం? ఆ రోజు ఎవరైనా నన్ను చెంప మీద ఒక్కటి కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఎవరూ కొట్టలేదు.