నేను పెట్టని పేరు

ఇది రాసి పెట్టకపోతే మా తమ్ముడు చెప్పేదే నిజమైపోతుంది. "అక్కకి నిద్రమత్తు, అంతే" అంటాడు వాడు. కాదు. ఆ రాత్రి కంప్యూటర్ ముందు కూర్చున్నది నేను. కళ్ళు తెరుచుకునే ఉన్నాను. నవ్వేవాళ్ళు చివరిదాకా చదివి నవ్వండి.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. కమాండ్లు కొట్టి కంప్యూటర్ నడిపే లినక్స్ నాకెవరూ నేర్పలేదు. బిష్టుపూర్ లైబ్రరీలో ఒకే పుస్తకం మూడుసార్లు చదివి, కొట్టే ప్రతి కమాండూ నోట్‌బుక్‌లో రాసుకుని నేర్చుకున్నాను.

మార్తమ్మ పెద్దమ్మ పోయి అప్పటికి ఏడాది. మా బారిడీహ్‌లో ఇంటింటి ప్రార్థనల్లో తను కట్టిన పాటలే పాడేది. కాగితం మీద ఒక్కటీ లేదు. నేను ఫోన్లో రికార్డు చేసిన ముప్పై ఒక్క పాటలు ఒకే ఒక డిస్క్‌లో ఉన్నాయి. ఇంకెక్కడా, ఫోన్లో కూడా, లేవు. రెండో కాపీ కోసం సాక్చి బజార్లో పాత డిస్క్ కొన్నాను. రెండూ ఒకే రకం, ఒకే నలుపు. మర్నాడు పెద్దమ్మ జ్ఞాపకార్థ కూటం. కాపీ అక్కడ ఇవ్వాలి.

రాత్రి పదకొండు దాటింది. రెండూ తగిలించి చూశాను. కంప్యూటర్ వాటికిచ్చిన గుర్తులు: పాటల డిస్క్‌కి sdb, సాక్చిదానికి sdc. కాపీకి ముందు సాక్చిది తుడవాలి. నోట్‌బుక్‌లో రాశాను. అంతలో అమ్మ లేచి వచ్చింది.

"ఏటి సేత్తన్నావే ఇంకా?"

"డిస్క్ తుడిచేత్తన్నానమ్మా."

"డిస్క్ తుడుత్తావు, పొయ్యి గట్టు మాత్రం తుడవవు" అంటూ మంచినీళ్ళ గ్లాసు పెట్టబోయి వైర్లు రెండూ ఊడగొట్టింది.

మళ్ళీ గుచ్చాను. అమ్మ వెళ్ళిపోయింది. ఏది ముందు గుచ్చితే దానికి ముందు అక్షరం వస్తుంది. నాకు తెలుసు. అయినా మళ్ళీ చూడలేదు. నోట్‌బుక్‌లో ఉందిగా. sdcని తుడిచే కమాండ్ టైప్ చేశాను.

mkfs.ext4 /dev/sdc1

ఎంటర్ కొట్టాను. డిస్క్ లోపల టిక్... టిక్... ఇందులో ఇప్పటికే ఏదో ఉంది, కొనసాగాలా అని అడిగింది. పాత డిస్క్ కదా, పాత సరుకు ఉంటుందనుకున్నాను. అవునంటే y కొట్టాలి. వేలు y మీద పెట్టాను.

అప్పుడు చూశాను... ఆ వరుసలోనే డిస్క్ పేరు.

YETE.

పెద్దమ్మ నాకు ఏ మెసేజ్ పెట్టినా "ఏటే" అనే మొదలుపెట్టేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, ముందు వై పెట్టి రాసేది. YETE, అన్నం తిన్నావా... YETE, ఇంటికొచ్చావా... మా ఇంట్లో ఇంకెవరూ అలా రాయరు.

టిక్ ఆగిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది... నా వెనక, గుమ్మం దగ్గర, ఎవరో పిలిచి జవాబు కోసం నిలబడినట్టు... తిరిగి చూడలేదు. 

"పన్లో ఉన్నాను పెద్దమ్మా" అన్నాను. పైకే అన్నాను.

వద్దని N కొట్టాను. టిక్... మళ్ళీ మొదలైంది.

అప్పుడు డిస్కుల జాబితా తీశాను. అక్షరాలు తారుమారు. పాటల డిస్కే sdc. y కొట్టి ఉంటే ఆ గొంతు ఇక లేదు.

పొద్దున్నే తమ్ముడికి చూపించాను. "నామ్ తుమ్‌నే హీ రఖా హోగా, దీదీ" అన్నాడు. పేరు నువ్వే పెట్టుంటావని. నోట్‌బుక్ వాడి ముందు పడేశాను. ఆ డిస్క్‌ని మొదట ఫార్మాట్ చేసిన కమాండ్ అందులో ఉంది. పేరు పెట్టే -L అందులో లేదు. పెద్దమ్మ పెట్టిందా? తను కరెంటు కొడుతుందని కంప్యూటర్ ముట్టుకునేదే కాదు.

"రాయడం మర్చిపోయుంటావ్."

అక్షరాలు మళ్ళీ చూడటం మర్చిపోయాను. ఒప్పుకుంటాను. పేరు మాత్రం నేను పెట్టలేదు. అది ఇప్పటికీ డిస్క్ మీదే ఉంది. నమ్మనివాళ్ళు రండి, చూపిస్తాను.

ఆ పుస్తకం నాకోసం పక్కన పెట్టిన లైబ్రరీ సుశీల దీదీకి, డిస్క్ బాగుందో లేదో ముందే నడిపి చూపించిన సాక్చి రాజేశ్ భయ్యాకి, వైర్లు ఊడగొట్టినందుకు కూడా అమ్మకి, నమ్మకపోయినా కూటంలో ఆ పాటలు వినిపించిన తమ్ముడు డేనియల్‌కి నా కృతజ్ఞతలు. ఇంకొకరికి కూడా చెప్పాలి. పేరు ఏం రాయాలో తెలీక నోట్‌బుక్‌లో ఒక గీత ఖాళీగా వదిలాను.