శుక్రవారం రమ్మన్న బాబ్జాన్

మా బాబ్జాన్ నోట కాదనే మాట రాదు. జెద్దాలో కారు సీట్లు కుడతాడు, పని బంగారం. ఎప్పుడిస్తావని అడిగితే మాత్రం అందరికీ ఒకటే జవాబు, శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయినాక రండి అని. ఏ శుక్రవారానికీ పని పూర్తయ్యేది కాదు. పక్కన టీ కొట్టు నడుపుతున్న పాపానికి వచ్చినవాళ్ల తిట్లలో సగం వాటా నాది.

ఏటా చలికాలంలో మా వీధి చివర ఖాళీ స్థలంలో పాత కార్ల ప్రదర్శన జరుగుతుంది. అదెలా మొదలైందో ఎవరెవరో ఏవేవో చెబుతారు. ఉత్త కోతలు. అది పుట్టింది బాబ్జాన్ దొంగ వాయిదాల్లోంచి. ఒక శుక్రవారం, అతను మాటిచ్చిన వాళ్లంతా ఒకేసారి దిగారు. బయట కార్లు వరసగా ఉన్నాయి, ఒక్కదాని సీట్లూ పూర్తి కాలేదు. అబ్దుల్ వహాబ్ అనే సౌదీ పెద్దాయన కోపంతో ఊగిపోయాడు. వీడి పని అయిపోయిందనుకుని నేను అందరికీ టీలు పోశాను. టీ తాగుతూ ఒకాయన పక్క కారు బానెట్ ఎత్తి చూశాడు. ఇంకొకాయన ఇంజను స్టార్టు చేయించాడు. ఇక ఎవరూ కదలరే! వచ్చే ఏడాదీ ఇలాగే కలుద్దామన్నది ఆ వహాబే. ఇప్పుడు ఖరీదైన రేసు కార్లూ వస్తున్నాయి.

ఇంతమంది సీట్లు కుట్టిన మహానుభావుడి సొంత కారు, పాత క్రెసిడాకు సీట్లు లేవు. స్ప్రింగుల మీద గోనెపట్టా పరుచుకుని తిరుగుతాడు. రాయచోటిలో ఉన్న భార్య మదార్బీకి మాత్రం ఏళ్ల తరబడి ఫోనులో చెబుతూనే ఉన్నాడు, నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆ ప్రదర్శన వరసలోకి తీసుకుపోతానని. ఈసారి ఆమె విజిట్ వీసా మీద వచ్చింది. ప్రదర్శన శుక్రవారం. ఆమె తిరుగు విమానం మర్నాడు పొద్దున్నే.

గురువారం దాకా ఏం చేశాడనుకున్నారు? ఊళ్లోవాళ్ల సీట్లే కుట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. శుక్రవారం అందరూ వరస కడుతుంటే మదార్బీ కొత్త అబాయా వేసుకుని మా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుంది. అది నేను చూడలేకపోయాను. వచ్చీరాని అరబ్బీలో సంగతంతా వహాబ్‌కు చెప్పేశాను.

ఆయన తన కారును వరసలోంచి తీసి తెచ్చి బాబ్జాన్ షాపు ముందు ఆపాడు. వెనకే మిగతావాళ్లూ వచ్చారు. నీ కారు తయారయ్యేదాకా ఎవరమూ వరస కట్టం, నీ షాపు ముందు కాచుకోవడం మాకు అలవాటేనన్నాడు. నేను మళ్లీ టీలు పెట్టాను. బాబ్జాన్ తల ఎత్తకుండా కుట్టాడు.

పొద్దు గుంకే వేళకు ఒక్క సీటే అయింది, మదార్బీది. తను గోనెపట్టా మీదే కూర్చుని ఆమెను పక్కన ఎక్కించుకున్నాడు. వాళ్ల కారు ముందు నడిచింది, రేసు కార్లు కూడా వెనకే నెమ్మదిగా వచ్చాయి. వరసలో ఆగాక, నీ సీటు ఎప్పుడు కుట్టుకుంటావని నేను కిటికీ దగ్గర నిలబడి అడిగాను. అతను నోరు తెరిచేలోపే మదార్బీ అందుకుంది.

"దాన్ని అట్లే ఉండనీ. మళ్లా నేనొచ్చినాక నా ఎదురుగానే కుడుదువులే."

బాబ్జాన్ శుక్రవారమని అనలేదు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు.