లింగమ్మ గొర్రెలు తాగిన నీళ్లు

నీటినీ ఉప్పునూ కలుగజేసి, ఒకదానిలో ఒకటి కంటికి కనబడకుండా దాచిన సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి రాసే ధైర్యం నాకు వచ్చేది కాదు.

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, వానాకాలం. మహబూబ్‌నగర్‌లోని ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. మా పని ఎలక్ట్రోస్పిన్నింగ్. జిగురులాంటి పాలిమర్ ద్రావణాన్ని సిరంజిలో నింపి, సూదికి వేల వోల్టుల కరెంటు ఇస్తాం. సూది మొన నుంచి సన్నటి ధార లేచి, గాలిలోనే ఆరిపోయి, ఎదురుగా తిరిగే డ్రమ్ము మీద దారమై చుట్టుకుంటుంది. తలవెంట్రుకను వందల పాయలుగా చీల్చితే ఎంత సన్నమో అంత సన్నం. దాన్నే నానోఫైబర్ అంటాం. డ్రమ్ము మీద నుంచి ఒలిస్తే పలచని గుడ్డలా వస్తుంది. ద్రావణంలో ముందే రాగి లవణం కలిపి, ఆ గుడ్డను గాలి చొరబడని కొలిమిలో కాలిస్తే నల్లటి కార్బన్ అవుతుంది. దారాల నిండా రాగి నలుసులు అంటుకుని ఉంటాయి. ఆ రాగే క్యాటలిస్ట్. అంటే తాను ఖర్చు కాకుండా పని వేగంగా జరిపించేది. ఈ నల్లగుడ్డనే ఎలక్ట్రోడ్‌గా, అంటే కరెంటు పారే కొసగా నీళ్లలో ముంచుతాం. నీళ్లలో నైట్రేట్ ఉంటే దాని మీద అది వేరే పదార్థంగా మారుతుంది. అప్పుడు పారే కరెంటును కొలిస్తే నైట్రేట్ ఎంతుందో తెలుస్తుంది. యూరియా ఎక్కువగా చల్లే చేలల్లో, పెంటకుప్పల పక్కన ఉన్న బోర్లలోకి నైట్రేట్ దిగుతుంది. మోతాదు మించితే పసిపిల్లలకూ పశువులకూ ప్రాణం మీదికి వస్తుంది.

ల్యాబ్‌లో మేమే కలుపుకున్న నీళ్లలో మా ఎలక్ట్రోడ్ చక్కగా పనిచేసింది. ఆ ఆదివారం మా ఊరు కోస్గిలో, మా చర్చి సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను. దేవుడు చేసిన మేలును అందరి ముందు చెప్పుకోవడం మా ఆరాధనలో ఒక భాగం. "నీళ్లలోని విషాన్ని పట్టిచ్చే దారాన్ని దేవుడు నా చేతికిచ్చిండు" అన్నాను. అందరూ హల్లెలూయా అన్నారు. బోరు నీళ్లలో దాన్ని ఒక్కసారి కూడా ముంచి చూడలేదని మాత్రం చెప్పలేదు.

ఆ మాట మా వాడకట్టు చివర గొర్రెలు కాసే లింగమ్మ దాకా పోయింది. కొత్తగా వేయించిన బోరు నీళ్లు తాగిన తర్వాత ఆమె గొర్రెలు రెండు చనిపోయాయి. పశువుల డాక్టరు నీళ్ల మీదే అనుమానపడ్డాడు. అప్పటినుంచి ఆమె మందను దూరంగా ఉన్న కుంట దాకా రోజూ నడిపిస్తోంది. తర్వాతి శనివారం నేను ఇంట్లో ఉండగా డబ్బాలో బోరు నీళ్లు పట్టుకుని వచ్చింది.

"సారూ, మీ ఏసయ్య నీకేందో దారమిచ్చిండంట గద. నా గొర్ల నీళ్లు గూడ జర సూడరాదు."

"అది ఉత్త దారం గాదు అవ్వా, మిషనుకు పెట్టి సూడాలె."

"ఏదైతేంది. నిజం సెప్తదా, మీ లీడర్ల లెక్క మాటలే సెప్తదా?"

నన్ను చూడవచ్చి వాకిట్లో నిలబడ్డ మా సంఘం వాళ్లు ఇద్దరు నవ్వారు. నేనూ నవ్వాను. ల్యాబ్ నుంచి తెచ్చుకున్న చిన్న మిషను సంచిలోనే ఉంది. మొదటిసారి కొలిస్తే అంకె తక్కువగా వచ్చింది. అవే నీళ్లను మళ్లీ కొలిస్తే ఇంకా తగ్గింది. అట్లా తగ్గకూడదు. అనుమానం వస్తే చేయాల్సిన పని ఒకటుంది. తెలిసిన మోతాదు నైట్రేట్‌ను అవే నీళ్లలో కలిపి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే ఎలక్ట్రోడ్ బాగున్నట్టు. పెరగకపోతే దానికి చూపు పోయినట్టు. ఆ నైట్రేట్ సీసా కూడా సంచిలోనే ఉంది. మూత తీయలేదు. అంకె పెరగకపోతే వాకిట్లో ఉన్నవాళ్ల ముందు నా సాక్ష్యం ఏమైపోతుందన్నదే ఆ క్షణంలో నా భయం.

"నీళ్లు మంచిగనే ఉన్నయ్ అవ్వా."

"ఫికర్ లేదా?"

"ఫికర్ లేదు."

బుధవారం ఆమె ఫోన్ చేసింది. "తొమ్మిది పాణాలు పోయినయ్ సారూ. నెత్తురు నల్లగయిందని డాక్టరు సెప్పిండు." నైట్రేట్ విషమెక్కితే నెత్తురు అట్లాగే అవుతుంది. ఆ డబ్బాలో మిగిలిన నీళ్లు నా దగ్గరే ఉన్నాయి. అప్పుడు తీశాను సీసా మూత. ఎంత కలిపినా అంకె కదల్లేదు. బోరు నీళ్ల ఉప్పులోని క్లోరైడ్ రాగి నలుసులను కప్పేసింది. అవే నీళ్లను వేరే పద్ధతిలో పరీక్ష చేయించాం. నైట్రేట్ హద్దు దాటి ఉంది.

శనివారం ఆమె గొర్రెల దొడ్డికి వెళ్లాను. ఆమె దొడ్డి చుట్టూ వేసే ముళ్లకంప కొట్టుకుంటోంది. సీసా మూత తీయని సంగతితో సహా అంతా చెప్పాను.

"అంటే నీకు అనుమానమొచ్చింది."

"వచ్చింది అవ్వా."

"గొర్లకు గూడ వచ్చింది. తొట్టిల మూతి వెట్టి ఎన్కకు జరిగినయ్. సదువుకున్న సారు సెప్పిండు, తాగుండ్రే అని మెడలు వట్టి నేనే వంచిన."

క్షమించమన్నాను.

"నన్నొక్కదాన్ని అడిగితే అయిపోతదా? దారం సంగతి నలుగురి ముంగట సెప్పినవ్. గిది గూడ ఆడనే సెప్పు" అని కంప తీసుకుని అటు తిరిగింది.

అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్న బైబిల్ ఆజ్ఞను సండే స్కూల్లోనే కంఠస్థం చేసినవాణ్ని. అది కోర్టు బోనెక్కేవాళ్లకేనని ఇన్నేళ్లూ అనుకున్నాను. మరునాడు అదే చోట లేచి నిలబడి జరిగింది చెప్పాను. ఎవరూ హల్లెలూయా అనలేదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట లింగమ్మ నిలబడి ఉంది. చివరి దాకా విని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరి నీళ్లు వచ్చినా ముందు ఆ సీసా మూత తీస్తాను. అనుమానంగా ఉంటే "నాకు తెల్వదు" అంటాను. ఆ రెండు ముక్కలు ఆ రోజు అని ఉంటే మంద కుంటకే పోయేది.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. తండ్రీ, లింగమ్మ దొడ్డి మళ్లీ నిండనియ్యి. నీ పేరు చెప్పి మేము గొప్పలకు పోయేటప్పుడు మా నోరు మూయించు. మూగజీవాలు వెనక్కి జరిగిన చోట మా చేతులు వాటిని ముందుకు తోయకుండా ఆపు. ఆమేన్.