పాలలో కలిసిన దగ్గు మందు

ప్రభువునందు ప్రియమైన అక్కలారా, అన్నలారా, నా పేరు సునీత, మాది ఇబ్రహీంపట్నం, మా ఆయన దానియేలు గారు అక్కడే ఎలక్ట్రీషియన్. పెళ్ళయిన చాలా ఏళ్ళకు దేవుడు మాకు కృప అనే ఆడపిల్లనిచ్చాడు, ఆ సంతోషం తీరకముందే, పచ్చి బాలింతనైన నాకు దగ్గు పట్టుకుంది, ఆపరేషన్ కుట్లు ఊడిపోతాయేమోనని కడుపు గట్టిగా పట్టుకుని దగ్గేదాన్ని.

నా అవస్థ చూడలేక మా అత్తయ్య, అంతకుముందు డాక్టరు తనకు రాసిన దగ్గు మందు సీసా ఇచ్చింది. తాగిన కాసేపటికే దగ్గు అణిగి, ఒళ్ళు తేలిపోయి నిద్ర పట్టేసింది. అది అయిపోతే మా ఆయన ఖాళీ సీసా చూపించి మందుల షాపులో ఇంకోటి తెచ్చారు. దగ్గు తగ్గాక కూడా నేను మానలేకపోయాను, మానితే చెమటలు, చిరాకు, ఒళ్ళు నొప్పులు, తాగితే మత్తు, తల తిరగడం, విరేచనం కాకపోవడం. అది నన్ను కట్టేసిందని నాకు తెలియలేదు సహోదరులారా!

బిడ్డ ఎప్పుడూ నిద్రపోతుంటే నెమ్మదస్తురాలని మురిసిపోయాం. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి పాలివ్వబోతే నోరు తెరవలేదు, అరికాలు గిల్లినా ఏడవలేదు, పెదవులు నీలంగా ఉన్నాయి, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య మా ప్రాణాలు పోతున్నాయి. ఆటోలో విజయవాడ పరిగెత్తాం. బెంజ్ సర్కిల్ దగ్గర బండ్ల మధ్య ఇరుక్కుపోయి, బిడ్డను గుండెకు హత్తుకుని, "తండ్రీ, దీని ఊపిరి నీది, దాన్ని ఆగనివ్వకు" అని ఒకే మాట పట్టుకుని ప్రార్థించాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డకు ఆక్సిజన్ పెడుతూ నావైపు తిరిగి, "నువ్వేమైనా మందులు వాడుతున్నావా అమ్మా?" అని అడిగింది.

చేతిసంచిలోంచి సీసా తీసి ఇచ్చి, "రోజూ తాగుతున్నానండీ, మానలేకపోతున్నాను" అన్నాను.

ఆమె దాని మీది చిన్న అక్షరాలు చదివి, "ఇందులో కోడీన్ ఉంది, నల్లమందు జాతిది. నీ పాలలోంచి బిడ్డకు వెళ్ళి ఊపిరి తగ్గించేస్తోంది. పాలిచ్చే తల్లి ఇది తాగకూడదు, పసిపిల్లలకు పట్టకూడదు" అంది. వెంటనే విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి నా కృప గట్టిగా ఏడ్చింది, అత్తయ్యా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, దేవునికే మహిమ!

ఆ తర్వాత నా పోరాటం మొదలైంది. ఒళ్ళంతా వణికేది, మందు కావాలని ప్రాణం లాగేది. డాక్టరమ్మ చెప్పినట్టే నడుచుకున్నాను, అత్తయ్య బిడ్డకు డబ్బా పాలు పడుతుంటే నేను మోకాళ్ళ మీద ఉండి, "ప్రభువా, ఈ గంట నన్ను నిలబెట్టు" అని అడిగేదాన్ని. ఆయన నిలబెట్టాడు. మందు పూర్తిగా మానేసి, డాక్టరమ్మ సరేనన్నాక, మళ్ళీ నా బిడ్డకు నా పాలే ఇచ్చాను.

ఇప్పుడు సంఘంలో ఎవరు ప్రసవించినా నేను వాళ్ళింటికి వెళ్ళి ఈ మాట చెబుతాను, వద్దన్నా చెబుతాను. ఒకరికి రాసిన మందు ఇంకొకరు తాగకండి, ఇలాంటి మందును నిద్రమాత్రలతో గాని సారాతో గాని కలపకండి, ఊపిరే ఆగిపోవచ్చు. మీలో ఎవరైనా ఏదో సీసాకు చిక్కి ఉంటే సిగ్గుపడకండి, ఈరోజే డాక్టరుకు నిజం చెప్పండి, ఈరోజే యేసయ్యను పిలవండి. రెండూ చేయండి. నేను రెండూ చేశాను, అదుగో, మా అత్తయ్య ఒళ్ళో కూర్చుని నా బిడ్డ మీ అందరినీ చూస్తోంది.