రైతు వేదికలో నాటిన పాట

ఈ ఏడు శ్రావణం మొదటి మంగళవారం, పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు, రాజోలి దగ్గరి మా ఊరి రైతు వేదికలో, పాట కట్టడం నేర్పడానికి నేను బోర్డు ముందు నిలబడ్డాను.

పాట నేర్పితే వచ్చేది కాదని నా నమ్మకం. అరవై దాటాక కోడలి దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. అవి పలక మీద కదలకుండా ఉంటాయి కాబట్టి వచ్చాయి. పాట అట్లా ఉండదు. కానీ నాట్లలో ముప్పై ఏళ్లు పాట ఎత్తుకున్న నా గొంతు పోయింది. మర్నాడే నాట్లు. కోడలు ఎత్తుకోలేకపోతే పక్క ఊరి పాటగత్తె వెంట పోతామని మా జట్టు ఆడవాళ్లు ముఖం మీదే చెప్పారు. అందుకే మండలం నుంచి వచ్చిన సారు ఒక పూట శిక్షణ పెడదామంటే ఒప్పుకున్నాను.

బోర్డు మీద 'పాట' అని పెద్దగా రాశాను. తర్వాత ఏం రాయాలో తోచలేదు. ఎనిమిది మందీ నోటుబుక్కుల్లో 'పాట' అని రాసుకుని నన్ను చూశారు.

"గంతేనా అత్తా?" అంది కోడలు.

"గంతే. కట్టు."

"దేని మీద?"

"కనవడ్డదాని మీద."

"ఫ్యాన్ కనవడ్తుంది."

"దాని మీదనే కట్టు."

ఆమె ఫ్యాన్‌ను చాలాసేపు చూసింది. కరెంటు లేదు, అదీ తిరగలేదు.

"అమ్మా, జర పద్ధతిగ చెప్పున్రి. ముందు పల్లవి, తర్వాత చరణం," అన్నాడు సారు.

"నువ్వెన్ని కట్టినవు సారూ?"

"నేను కట్టలేదమ్మా. పరీక్ష రాసిన."

"కుర్చీల కూసుంటే పాటెట్లొస్తది? నడుము వంగాలె," అంది నా తోటికోడలు.

కుర్చీలు జరిపారు. చీరలు ఎగదోపి వరుసగా వంగారు. చేతిలో నారు లేకపోతే ఎట్లా అని సారు తెచ్చిన దరఖాస్తు ఫారాలు తలా ఒక కట్ట పట్టుకుని, బండల మీద ఒక్కొక్కటే నాటుతూ వెనక్కి నడిచారు.

"అవి ఆఫీసు కాగితాలమ్మా," అన్నాడు సారు.

"దగ్గర దగ్గర వెట్టకున్రే, పిలకలు రావు," అంది పాలమ్మే ఆమె. సారు మాట ఎవరూ వినలేదు.

నాటేవాళ్లు వెనక్కి చూడరు. మునుం, అంటే నాటే వరుస, మొత్తం తన మీదికి వస్తుంటే సారు బూట్లు విప్పి చేత పట్టుకుని కుర్చీ ఎక్కాడు. వంగి ఉన్న కోడలికి తలకిందులుగా కనబడ్డట్టున్నాడు.

"గట్టెక్కి నిలుసున్నడే మా సారు
బురద లేకున్నా బూట్లిడిసె మా సారు"

ఆమె ఊపిరి తీసుకునేలోపే ఏడు గొంతులు అందుకున్నాయి. వెంటనే ఇంకో చరణం, దాని వెనక మరొకటి. నేను బోర్డు దగ్గర చాక్‌పీసు పట్టుకుని ఉన్నాను. అందులో నేను నేర్పిన మాట ఒక్కటీ లేదు.

"రేపు గీమె ఎనకనే వస్తం. నువ్వు ఇంట్ల ఉండక్కా," అంది తోటికోడలు, నడుము ఎత్తకుండానే.

"ఉంట," అన్నాను. పొద్దున దాకా కోరుకున్నది అదే. అయినా ఆ మాట సులువుగా రాలేదు.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: నా తోటికోడలు, ఆమె ఇద్దరు కూతుళ్లు, పాలమ్మే ఆమె, బట్టలు కుట్టే ఆమె, గట్టు మండలం నుంచి నాట్లకు వచ్చిన మా చెల్లెలు, దాని కోడలు, కుర్చీ మీద సారు, నేను, మా పాటగత్తె.