శ్రావణ పౌర్ణమి నాటి ఓటింగు

నా తెలివితేటల మీద మీకు ఏ మూలైనా గౌరవం మిగిలి ఉంటే ఇక్కడే చదవడం ఆపేయండి. సింగపూర్‌లో పాసిర్ రిస్ అనే పేటలో మా కాండోలో, అంటే మా అపార్ట్‌మెంట్లలో, ఒక మంచిపనికి ఓటింగు పెట్టించి, జనాన్ని ఇళ్ళు దాటకుండా చేసి, కమిటీ ప్రెసిడెంటుని పరుగు పెట్టించి, ఆయన కన్నా ముందు నేను పరిగెత్తిన కథ ఇది.

మా అత్తగారు మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగావిడ. మోకాళ్ళు పూర్తిగా పోయాక చక్రాల కుర్చీతో మా ఇంటికొచ్చేశారు. మా బ్లాకులో లిఫ్టు దిగాక ఆరు మెట్లుంటాయి. ఇద్దరు మోస్తే తప్ప ఆవిడ రోడ్డు మొహం చూడలేరు. వచ్చి నెలలైనా ఇరుగుపొరుగు ఎవరూ ఆవిణ్ణి చూసిన పాపాన పోలేదు. "జైల్లో అయినా సాయంత్రం కాసేపు బయటికి వదుల్తారట అల్లుడుగారూ" అన్నారొకసారి. నవ్వుతూనే అన్నారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

మెట్ల పక్కన ర్యాంపు కట్టించాలి. స్థలం అందరిదీ కాబట్టి ముందు తీర్మానం రాసి కమిటీకివ్వాలి. నోటీసు ప్రతి ఇంటి పోస్టు డబ్బాలోనూ పడాలి. మీటింగులో పడ్డ ఓట్లలో నూటికి డెబ్బై అయిదు 'సరే' అనాలి. జనం రాకపోతే అరగంట చూసి, ఉన్నవాళ్ళతోనే కానిచ్చేయొచ్చు. నేనప్పుడే కొత్తగా కమిటీ సెక్రటరీనయ్యాను. తేదీ పెట్టడం నా చేతిలో పని. తెనాలివాణ్ణి, ఊరుకుంటానా? పంచాంగం తీశాను. శ్రావణ పౌర్ణమి, సాయంత్రం ఏడు. అంతకన్నా దివ్యమైన ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఏడాది మన శ్రావణ పౌర్ణమీ, చైనీయుల ఏడో నెల పౌర్ణమీ ఒక్కటే. ఆ నెలంతా చచ్చినవాళ్ళు ఆకలితో తిరుగుతారనీ, ఆ పౌర్ణమినాడు మరీ తిరుగుతారనీ వాళ్ళ నమ్మకం. చీకటి పడితే చాలామంది గడప దాటరు. ఆ నెలలో గోడ కొట్టడం, నేల తవ్వడం ససేమిరా. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అడిగితే కదా చెప్పేది.

ఆ సాయంత్రం ఫంక్షన్ రూములో వేయించిన కుర్చీలన్నీ ఖాళీ. బయట ఇనప డబ్బాల్లో చచ్చినవాళ్ళ పేర పూజ కాగితాలు కాలుతున్నాయి. గాలి లేదు. అయినా బూడిద లోపలికొచ్చి, ఒక్కో కుర్చీలో కూర్చుంటోంది. వచ్చిందల్లా ప్రెసిడెంటు లిమ్ అంకుల్ ఒక్కరే.

"ఏ రోజు పెట్టావో తెలుసా?" అన్నారు గొంతు తగ్గించి.

"మంచిరోజు అంకుల్."

"ఎవరికి?"

"మా అత్తగారికి."

ఆయన ఖాళీ కుర్చీల వంక చూసి, సింగపూర్ వాళ్ళు ప్రతి మాటకీ తగిలించే 'లా' తోకతో, "మెల్లగా మాట్లాడు లా. వింటారు" అన్నారు.

నేను మాత్రం లెక్క చూసుకున్నాను. ఉన్నవి రెండే ఓట్లు. ఆయనది పడితే ర్యాంపు వచ్చినట్టే. అత్తగారి కష్టమంతా ఏకరువు పెట్టాను.

"ఈ నెలలో తవ్వకం ఉండదుగా?"

"ఒక్క ఇటుక కదపం అంకుల్."

ఆయన నిట్టూర్చి చెయ్యెత్తబోయారు. చెయ్యి భుజం దాకా లేచింది.

అప్పుడు లిఫ్టు టింగుమంది.

మేమున్న గదిలోంచి మెట్లు కనబడతాయి. కిర్రు కిర్రుమంటూ ఏదో లిఫ్టులోంచి వచ్చి మెట్ల పైన ఆగింది. పొగలో సరిగ్గా ఆనలేదు. విరబోసిన జుట్టు, సున్నం కొట్టినట్టు తెల్లటి మొహం. కాళ్ళు కదల్లేదు, మనిషి మాత్రం ముందుకొచ్చింది.

"నన్ను కిందికి దించండి నాయనా" అంది బొంగురుగా.

లిమ్ అంకుల్‌కి ఆ మాట అర్థం కాలేదు. నాకయింది, అదీ నా ఖర్మ. సింగపూర్‌లో దయ్యం తెలుగు మాట్లాడిందంటే అది నాకోసం వచ్చినట్టే కదా? వెనక తలుపులోంచి దూకాను. తంతే బూరెల బుట్టలో పడ్డాడంటారు, నేను చల్లారిన బూడిద డబ్బాలో పడ్డాను. నేను లేచి నిలబడేసరికి నా వెనకే వస్తున్న లిమ్ అంకుల్ నన్ను చూసి, "ఇంకొకటి" అని అరిచి రెండోవైపు పరిగెత్తారు.

మీరెప్పుడో కనిపెట్టేసి ఉంటారు. పండగపూట తలంటుకుని జుట్టు ఆరబోసుకున్నారు మా అత్తగారు. మలేషియా అలవాటు కొద్దీ చల్లదనానికి మొహం నిండా బియ్యప్పిండి పూత వేసుకున్నారు. నా మాట ఒక్కటే చాలదేమోనని, తనే వచ్చి జనాన్ని అడుగుదామనుకున్నారు.

"నన్నడిగితే ఈ రోజు వద్దని చెప్పేదాన్ని కదా" అన్నారు, నా మొహం మీద బూడిద తుడుస్తూ. "బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చూస్తున్నా ఈ దయ్యాల పండగ. ఓటు పోయిందా?"

"పోయిందండీ."

ఆవిడ కుర్చీ లిఫ్టు వైపు తిప్పుకున్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నెల మారాక మళ్ళీ నోటీసు, మళ్ళీ మీటింగు. ఈసారి కుర్చీలు చాలలేదు. నేను నోరు తెరవకముందే లిమ్ అంకుల్ లేచారు.

"నేను కళ్ళారా చూశాను. కాళ్ళు కదలని ముసలావిడ. మెట్లు దిగలేక అక్కడే ఆగిపోయింది. ర్యాంపు కట్టేద్దాం లా, దాని దారిన అది పోతుంది."

లేవని చెయ్యి లేదు. నేను తలొంచుకుని మినిట్సు రాసుకున్నాను.

ర్యాంపు తయారైన రోజు అత్తగారు కొప్పు పెట్టుకుని, జరీ చీర కట్టుకుని, ఎవరి సాయం లేకుండా కిందికి దిగారు. లిమ్ అంకుల్ ఎదురొచ్చి, "ఇక భయం లేదు ఆంటీ, ఇక్కడుండే దయ్యం వెళ్ళిపోయింది" అన్నారు.

"ఎక్కడికి పోయుంటుందంటారు?"

"ఎవరికి తెలుసు."

"హాకర్ సెంటర్‌కి అయ్యుంటుంది" అన్నారావిడ, వీధిలో కాఫీ, టిఫిన్ కొట్ల వైపు కుర్చీ తిప్పుకుంటూ. "పాపం, నలుగురిలో కూర్చుని కాఫీ తాగి ఎన్నాళ్ళయిందో."

అందుచేత పాఠక మహాశయులారా, పంచాంగం మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. అత్తగారిని అడక్కుండా ఇకమీదట ఏ ఓటింగుకీ తేదీ పెట్టను. ఎంతటి దయ్యం ఎదురొచ్చినా సరే, అది మా ఇంటి మనిషో కాదో కనుక్కోకుండా పరిగెత్తను.