పాత ఫొటోలో మీసం లేదు

ఆత్మకూరులో మా ఆఫీసు ఎదుట టీ కాసే ఆయన ఏటా ఒకసారి నిండు మీసం గొరిగించుకునేవాడు. ఆరేళ్ళ వయసులో తల్లితో శ్రీలంక నుంచి వచ్చిన మనిషి. ఇక్కడ ఉండే అనుమతిని ఏడాదికోసారి పొడిగించుకోకపోతే తిప్పి పంపేస్తారు.

"మీసమెందుకు తీసినావయ్యా?" అన్నాను.

"మొదటి ఫొటోలో లేదు గదా సార్. వేరేవోడనుకుంటే పంపించేస్తారు."

ఆ ఫొటోలో ఆయనకు ఆరేళ్ళు.

ఒక ఏడు ఆ పొడిగింపు కోసం మా ఆఫీసులోని ఆఫీసరు దగ్గరికి నేనూ వెంట వెళ్ళాను. రోజూ ఆయన కాసిన టీ తాగే ఆ ఆఫీసరు బోడి మూతిని అనుమానంగా చూశాడు.

"నువ్వెవురో మాకెట్ట తెలుస్తాది? ఎదురుగా టీ కాసే ఆయన్ని పిలువు. ఆయన చెప్తే రాస్తా."

ఆయన బయటికి వెళ్ళి టీ గ్లాసుతో వచ్చాడు. ఆఫీసరు కాగితాల మీంచి తల ఎత్తకుండానే గ్లాసు అందుకున్నాడు.

"ఇందాక వచ్చినాయన నీకు తెలుసా?"

"చిన్నప్పట్నుంచీ తెలుసు సార్. ఈ ఊరోడే. మంచోడు."

సంతకం పడింది.